పాప వీపు తడిసి ముద్దవుతోంది, చేతులేమో చల్లగా ఉంటున్నాయి. ఈ ఎండల్లో ఎలా పడుకోబెట్టాలి?

తొలకరి చినుకు | సోమవారం, తెల్లవారుజామున 2:14

అందరికీ నమస్కారం. నేను ఇది రాస్తున్న సమయం చూస్తేనే నా పరిస్థితి తెలిసిపోతుంది. పాపకు నాలుగు నెలలు నిండాయి. మొన్నటి దాకా రాత్రి ఒక్కసారి పాలకు లేచి మళ్లీ హాయిగా పడుకునేది. వారం కిందట ఎండలు ముదిరాయి, అప్పటి నుంచి గంటకోసారి లేస్తోంది. ఆకలి కాదు. పాలిస్తే రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకుంటుంది. ఎత్తుకుంటే వీపంతా చెమట, తల వెనక జుట్టు అంటుకుపోయి ఉంటుంది. భుజాన వేసుకుని తిరిగితే ఊరుకుంటుంది, పడుకోబెట్టిన పది నిమిషాలకు మళ్లీ మొదలు.

మాది పై అంతస్తు. ఫ్యాను ఉంది. ఏసీ కూడా ఉంది, కానీ పసిపిల్లకు పడదని ఇంట్లో అందరూ అనడంతో ఆపేశాం. చొక్కా, పైజమా వేసి పైన పలచటి దుప్పటి కప్పుతున్నాను. నేను చూడనప్పుడు మా అత్తగారు టోపీ పెడతారు, ఆవిడ చూడనప్పుడు నేను తీస్తాను. చేతులు పట్టుకుంటే చల్లగా ఉంటాయి, వీపేమో తడి. దేన్ని నమ్మాలి?

ముగ్గురి తల్లి | సోమవారం, తెల్లవారుజామున 2:31

నేనూ మేలుకునే ఉన్నాను, మా మూడోవాడి పుణ్యమా అని.

వీపునే నమ్మండి. పసిపిల్లల చేతులూ పాదాలూ ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి. వాటిని చూసి బట్టలు వేస్తూ పోతే అంతు ఉండదు. మెడ వెనక గానీ, చొక్కా లోపల ఛాతీ మీద గానీ తాకి చూడండి. వెచ్చగా, పొడిగా ఉంటే సరే. జిగటగా, వేడిగా ఉంటే ఒక పొర తీసేయండి. తాకే ముందు మీ చెయ్యి ఎలా ఉందో చూసుకోండి. గిన్నెలు కడిగి వచ్చి ఆ చల్లటి చేత్తో తాకి, పిల్లవాడి ఒళ్లు కాలిపోతోందని ఇల్లంతా లేపిన ఘనురాలిని నేను.

ఈ వేడిలో చొక్కా, పైజమా, దుప్పటి మూడూ ఎందుకమ్మా? మావాడు ఒక్క డైపర్‌తో పడుకుంటాడు. మరీ బోసిగా అనిపిస్తే చేతుల్లేని నూలు బనీను వేస్తాను.

రాత్రి డ్యూటీ | సోమవారం, ఉదయం 7:05

పిల్లల వార్డులో నర్సుని. ఇప్పుడే డ్యూటీ దిగాను, నిద్రపోయే లోపు నాలుగు మాటలు.

ముందు టోపీ సంగతి. పెద్దవాళ్ల ఒంటి ఉపరితలంలో తల దాదాపు పదో వంతు ఉంటుంది. పసిపాపలో దాదాపు ఐదో వంతు. ఒంట్లో వేడి బయటకు పోవడానికి వాళ్లకున్న పెద్ద కిటికీ అదే. చెమట గ్రంథులు ఉంటాయి గానీ మనంత సమర్థంగా ఇంకా పనిచేయవు. పైగా దుప్పటిని తొలగించుకోవడం, చల్లని చోటికి జరగడం, ఉక్కగా ఉందని చెప్పడం, ఏదీ వాళ్ల చేతిలో లేదు. అలాంటి పిల్లకు ఆ ఒక్క కిటికీ కూడా మూసేస్తే ఎలా? పుట్టిన తొలి గంటల్లోనూ, నెలలు నిండకుండా పుట్టిన వాళ్లకూ డాక్టర్లే టోపీ పెట్టిస్తారు, అది వేరే విషయం. నాలుగు నెలల పాపకు, ఇంట్లో, నిద్రలో వద్దు. జారి ముక్కు మీద పడే ప్రమాదం కూడా ఉంది.

దుప్పటి, దిండు, మెత్తటి బొమ్మలు ఏడాది లోపు ఏ కాలంలోనూ పక్క మీద ఉండకూడదు. వెల్లకిలా పడుకోబెట్టాలి. శిశువులను బోర్లా పడుకోబెట్టవద్దని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 1992లో చెప్పింది. నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య ఆ దశాబ్దంలోనే అక్కడ బాగా తగ్గింది. ఒళ్లు అతిగా వేడెక్కడాన్ని కూడా అలాంటి మరణాల ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా లెక్కిస్తారు. భయపెట్టాలని చెప్పడం లేదు. ఇంట్లో వాదనకు మీ చేతిలో ఒక మాట ఉండాలి కదా.

వెన్నెల వాకిలి | సోమవారం, ఉదయం 9:40

ఆ అత్తగారి తరఫున ఎవరూ లేరు కాబట్టి నేను మాట్లాడతాను. నాకు ఇద్దరు మనవలు. మాకు చిన్నప్పటి నుంచీ నూరిపోసింది ఒకటే, బిడ్డకు చలి తగలకూడదని. వేడి తగలకూడదని ఎవరూ చెప్పలేదు. నేను పెట్టిన టోపీలు ఇన్నీ అన్నీ కావు, మా పిల్లలు నిక్షేపంగా ఉన్నారు. ఆవిడ దొంగచాటుగా పెడుతున్నారంటే అది ప్రేమే గానీ పంతం కాదు. మీరు దొంగచాటుగా తీయడం మానేసి ఎదురుగా కూర్చుని చెప్పండి.

రాత్రి డ్యూటీ | సోమవారం, ఉదయం 9:52

నిద్ర పట్టలేదు, మళ్లీ వచ్చాను. పెద్దమ్మా, మీరన్నది నిజం. తొలకరి గారూ, మీరు వివరించడం కంటే ఆవిడ చేతినే పాప మెడ వెనక పెట్టించండి. టోపీ ఉండగా ఒకసారి, తీసిన పావుగంటకు ఒకసారి. మా వార్డులో నేను చేసేది ఇదే. నా మాట వినని అమ్మమ్మలు, నాయనమ్మలు తమ చేతి మాట వింటారు.

కొలతల నాన్న | సోమవారం, మధ్యాహ్నం 1:15

నావి కొన్ని ప్రశ్నలు. గది ఉష్ణోగ్రత ఎప్పుడైనా కొలిచారా? కొలిస్తే ఎక్కడ పెట్టి? అటక మీదో, ఏసీ రిమోట్ మీదో కనిపించే అంకె కాదు, పాప పడుకునే ఎత్తులో, పాప పడుకునే మూలలో ఎంత ఉంది? మంచం ఏ గోడకు ఆనుకుని ఉంది? పరుపు మీద ఏమేమి పరిచారు, పై నుంచి కింది దాకా వరుసగా చెప్పండి.

భుజాన వేసుకుంటే ఊరుకుని, పడుకోబెడితే ఏడుస్తోందన్నారు. ఎత్తుకున్నప్పుడు వీపుకు గాలి తగులుతుంది. నా అనుమానం అంతా పక్క మీదే.

గోరింక | సోమవారం, మధ్యాహ్నం 3:20

ఇంత ఉక్కలో పాపకు దాహం వేస్తుంది. పడుకునే ముందు రెండు చెంచాల నీళ్లు పట్టించి చూడండి. కిటికీకి తడి గుడ్డ కట్టండి, గది చల్లబడుతుంది.

నిర్వాహకులు | సోమవారం, మధ్యాహ్నం 3:34

పై సలహాలో నీళ్ల భాగాన్ని దయచేసి పాటించవద్దు. కింద వివరణ వచ్చే దాకా చర్చను తొలగించకుండా ఉంచుతున్నాం, ఎందుకంటే ఈ ప్రశ్న ప్రతి ఎండాకాలం వస్తుంది.

రాత్రి డ్యూటీ | సోమవారం, సాయంత్రం 5:10

గోరింక గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఆరు నెలల లోపు విడిగా నీళ్లు వద్దు, ఎంత ఎండైనా సరే. తల్లిపాలలో నూటికి 87 వంతులకు పైగా నీరే. చిన్న పొట్టను నీళ్లతో నింపితే పాలు తగ్గుతాయి. నీళ్లు మరీ ఎక్కువైతే లేత మూత్రపిండాలు వదిలించుకోలేవు, రక్తంలో సోడియం పలచబడి మూర్ఛ దాకా వెళ్లవచ్చు. ఉక్కగా ఉన్న రోజున పాపే తరచుగా, కొద్దికొద్దిగా తాగుతుంది. తొలకరి గారూ, మీరు చెప్పిన ఆ రెండు గుక్కలు దాహానివే కావచ్చు. అడిగినప్పుడల్లా ఇవ్వండి. మీరు మాత్రం నీళ్లు బాగా తాగండి. డబ్బా పాలు తాగే పిల్లలకు కూడా పాలు పలచగా కలపకూడదు, డబ్బా మీది కొలతే కొలత.

రోజుకు ఆరుకు తగ్గకుండా డైపర్లు తడుస్తుంటే నీటికి లోటు లేనట్టే.

కొలతల నాన్న | సోమవారం, సాయంత్రం 5:41

తడి గుడ్డ గురించి నేను చెబుతాను. అది పొడి గాలి ఉన్న చోట బాగా పనిచేస్తుంది, నీరు ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. గాలిలో తేమ ముందే ఎక్కువగా ఉంటే గుడ్డ ఆరదు, గది చల్లబడదు, పైగా ఉక్క పెరిగి చెమట ఆరడం ఇంకా కష్టమవుతుంది. గుడ్డ కట్టిన అరగంటకు తాకి చూడండి. ఆరుతుంటే ఉంచండి, ముద్దగానే ఉంటే తీసేయండి. పాప ఒంటి మీద మాత్రం తడి గుడ్డ కప్పవద్దు.

తొలకరి చినుకు | సోమవారం, రాత్రి 8:25

అందరికీ ధన్యవాదాలు. కొలతల నాన్న గారూ, మీ ప్రశ్నలకు జవాబులు వెతుకుతుంటే నాకే సిగ్గేసింది. మంచం పడమటి గోడకు ఆనుకుని ఉంది. కింద నుంచి పైకి: పరుపు, రబ్బరు షీటు, దాని మీద మెత్తగా ఉండాలని దూది కుట్టిన పరుపుగుడ్డ, ఆపైన దుప్పటి. మంచం చుట్టూ కమ్మీలకు తల తగలకుండా మెత్తటి పట్టీ కట్టాం. ఉష్ణోగ్రత కొలిచాను. బీరువా పక్కన 29, పాప పక్క మీద 32!

ఇంకో భయం. పిల్లల గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలని చదివాను. మా ఇంట్లో ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా అంత చల్లగా ఉండదు.

కొలతల నాన్న | సోమవారం, రాత్రి 8:50

దొరికింది దొంగ. దొంగ అనడం కంటే ముఠా అనాలి.

ఆ గోడ సాయంత్రమంతా ఎండ తాగుతుంది, అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. పై అంతస్తు కాబట్టి కప్పుదీ అదే వరస. మంచాన్ని గది మధ్యకు జరపండి. చుట్టూ కట్టిన పట్టీ గాలిని పూర్తిగా ఆపేస్తోంది, దాన్ని ఈ రాత్రే విప్పేయండి (ఊపిరి ఆడకపోయే ప్రమాదం కూడా ఉందని నర్సమ్మగారు ఎలాగూ తిడతారు). రబ్బరు షీటు చెమటను కిందికి పోనివ్వదు, దూది పరుపుగుడ్డ దాన్ని పీల్చి పట్టి ఉంచుతుంది. పాప వీపు తడి గుడ్డ మీద పడుకున్నట్టే. గట్టి పరుపు, దానికి సరిగ్గా బిగుసుకునే నూలు పక్కగుడ్డ, అంతే. షీటు తప్పదంటే పరుపుకు నేరుగా తొడిగే పలచటి రకం వేయండి.

16 నుంచి 20 డిగ్రీలన్నది బ్రిటన్ వాళ్ల సలహా. వాళ్ల వాతావరణానికి అది సాధ్యం. వేడి ప్రాంతాల పిల్లలు 27, 28 డిగ్రీల్లో కూడా పెరుగుతున్నారు. గది అంకెను అందుకోలేనప్పుడు బట్టలు తగ్గించి, గాలి ఆడేలా చేయడం మన చేతిలో పని. దుప్పటికి బదులు పాపకు తొడిగే నిద్రసంచులు వాడేవాళ్లు వాటి మీద ఉండే టాగ్ అంకె చూడండి, అది ఎంత వెచ్చగా ఉంచుతుందో చెప్పే కొలత. 0.5 టాగ్ అన్నది వేసవి రకం, 2.5 చలికాలానిది. ఈ వేడిలో అసలు సంచే అక్కర్లేదు.

నీలి గొడుగు | సోమవారం, రాత్రి 9:15

ఏసీ మాత్రం వేయకండి. మేము వేశాం, మూడో రోజుకే బాబుకు జలుబు, ముక్కుదిబ్బడ. వారం పట్టింది తగ్గడానికి.

రాత్రి డ్యూటీ | సోమవారం, రాత్రి 9:48

డ్యూటీ ఎక్కే ముందు ఇదొక్కటి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఎవరో ఒకరు అంటించాలి. ఏసీ చేసేది గాలిని పొడిబార్చడం, దాంతో ముక్కు ఆరిపోయి దిబ్బడగా అనిపించవచ్చు. దుమ్ము పట్టిన ఫిల్టరు ఇంకో కారణం. గాలి నేరుగా మొహం మీద పడకుండా, ఫిల్టరు కడిగి, మరీ చల్లగా పెట్టకుండా వాడితే పసిపిల్లలకు ఏసీ హాని కాదు. మరీ వేడి రాత్రుల్లో ఏసీ ఉండి కూడా ఆపుకోవడమే నాకు అర్థం కాని విషయం. మా వార్డులో ఎండాకాలం చేరే పిల్లల్లో ఏసీ వల్ల చేరినవాళ్లను నేను చూడలేదు, ఉక్కలో చుట్టిపెట్టిన వాళ్లను చూశాను.

కొలతల నాన్న | సోమవారం, రాత్రి 10:02

అంకె కావాలంటే: వేడిగాలుల రోజుల్లో ఏసీని 27 దగ్గర పెట్టి ఫ్యాను కూడా తిప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెబుతోంది. ఆ గాలికి గది మరో 4 డిగ్రీలు చల్లగా అనిపిస్తుందట. కరెంటూ కలిసొస్తుంది. అయితే గది గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను చల్లబరచదు, పొయ్యి దగ్గర విసనకర్రలా వేడినే విసురుతుంది.

ఫ్యాను గురించి ఇంకొకటి. 2008లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక అధ్యయనంలో, ఫ్యాను తిరిగే గదిలో పడుకున్న శిశువుల్లో నిద్రలో హఠాత్తు మరణాల ముప్పు 72 శాతం తక్కువగా కనిపించింది. ఒక్క అధ్యయనంతో తేల్చలేమని వైద్యులు దాన్ని నియమంగా చేయలేదు. నేనైతే ఫ్యాను ఆపను.

కొత్త చిగురు | మంగళవారం, ఉదయం 11:05

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా బాబు పగలు స్ట్రోలర్‌లోనే నిద్రపోతాడు. ఎండ పడకుండా పైన పలచటి తెల్ల గుడ్డ కప్పుతాను. పలచటిదే కదా, పరవాలేదా?

ముగ్గురి తల్లి | మంగళవారం, ఉదయం 11:20

వద్దమ్మా. పలచగా ఉన్నా గాలి ఆగిపోతుంది, లోపల చిన్న కొలిమి తయారవుతుంది. నేను రెండోదాని విషయంలో అదే చేశాను. గుడ్డ తీసి చూస్తే పిల్ల మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవుతుంది.

కొలతల నాన్న | మంగళవారం, మధ్యాహ్నం 12:10

దీన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూశారు, ఫలితాలు 2023లో వచ్చాయి. పొడి పలచటి గుడ్డ కప్పితే స్ట్రోలర్ లోపల బయటి కంటే 2.6 డిగ్రీలు ఎక్కువైంది. అదే గుడ్డను తడిపి, లోపలికి చిన్న ఫ్యాను పెడితే బయటి కంటే 4.7 డిగ్రీలు తగ్గింది. గుడ్డ ఆరిపోకుండా మళ్లీ మళ్లీ తడపాలి. అంత ఓపిక లేకపోతే నీడలోనే తిప్పండి, పైన ఏదీ కప్పకండి. కారు సీటులో నిద్రపోయినా ఇల్లు చేరగానే తీసి చదునైన పక్క మీద పడుకోబెట్టాలి. ఆగి ఉన్న కారులో ఒక్క నిమిషం కూడా వదలకూడదు, పది నిమిషాల్లో లోపలి వేడి 10 డిగ్రీలకు పైగా పెరగగలదు.

గోరింక | మంగళవారం, మధ్యాహ్నం 2:30

నీళ్ల విషయం నాకు నిజంగా తెలియదు, చెప్పినందుకు సంతోషం. ఒక సందేహం. పడుకునే ముందు చల్లనీళ్ల స్నానం చేయించవచ్చా? మా పాపకు మెడ మడతల్లో చెమటకాయలు కూడా వచ్చాయి, పౌడరు చల్లుతున్నాను.

రాత్రి డ్యూటీ | మంగళవారం, సాయంత్రం 4:45

స్నానం చేయించండి, కానీ గోరువెచ్చని నీళ్లతో. మరీ చల్లటి నీళ్లు తగిలితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే చిక్కుకుంటుంది. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దండి.

చెమటకాయలంటే చెమట నాళాల నోళ్లు మూసుకుపోవడం. వాటి మీద పౌడరు, చిక్కటి క్రీములు, నూనెలు వేస్తే ఇంకా మూసుకుంటాయి. టాల్కమ్ పౌడరు గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పసిపిల్లల దగ్గర అసలు వాడకూడదు. మడతలు కడిగి, ఆరనిచ్చి, గాలి తగలనిస్తే రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి.

అందరూ గుర్తుంచుకోవలసినది: ఉక్కతో ఏడ్చే పిల్లను చల్లబరిస్తే కుదుటపడుతుంది. చల్లబరిచాక కూడా మగతగా ఉండి, పాలు పట్టించుకోకపోయినా, మాడు లోపలికి పోయినట్టున్నా, మూత్రం బాగా తగ్గినా ఆలస్యం చేయవద్దు. మూడు నెలల లోపు పిల్లకు ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ గానీ, అంతకు మించి గానీ ఉంటే ఏ కాలమైనా, ఏ వేళైనా ఆస్పత్రికే. ఒళ్లు కాలిపోతూ, పిలిస్తే పలకకుండా ఉంటే అది వడదెబ్బ కావచ్చు. బట్టలు తీసేసి, తడి గుడ్డతో తుడుస్తూ, గాలి విసురుతూనే బయలుదేరాలి.

తొలకరి చినుకు | గురువారం, ఉదయం 6:50

రెండు రాత్రులు గడిచాయి. సమయం చూడండి, ఉదయం ఆరు దాటాకే రాస్తున్నాను!

మంచాన్ని మధ్యకు లాగాం. పట్టీ, దూది గుడ్డ, దుప్పటి అన్నీ అటకెక్కాయి. పగలు పడమటి కిటికీ మూసి తెర దించుతున్నాను, రాత్రి బయట చల్లబడ్డాక రెండు వైపులా తెరుస్తున్నాను. మొదటి రాత్రి ఫ్యాను, డైపర్, బనీనుతోనే సరిపెట్టాం. పక్క మీద 29కి దిగింది. పాప రెండుసార్లే లేచింది. నిన్న రాత్రి గాలి స్తంభించిపోయింది, ఏసీ 27లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పాం. ఒక్కసారి లేచింది, కడుపు నిండా తాగి పడుకుంది.

టోపీ ప్రయోగం కూడా చేశాం. అత్తగారు టోపీ ఉండగా మెడ వెనక తాకారు, చెయ్యి తీసి చీర కొంగుకు తుడుచుకున్నారు. ఏమీ అనలేదు. పావుగంట తర్వాత మళ్లీ తాకి, "ఇన్నాళ్లూ పిచ్చిదానికి ఎంత ఉక్క పోసిందో" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. టోపీ ఉతికి బీరువాలో పెట్టేశారు.

కొత్త సమస్య: ఇప్పుడు ఆవిడ రాత్రి పది నిమిషాలకోసారి వచ్చి పాప మెడ తాకి చూస్తున్నారు. నిన్న లేచిన ఆ ఒక్కసారీ పాప లేచింది ఆ చేతికే.

వెన్నెల వాకిలి | గురువారం, ఉదయం 7:30

రెండు మూడు రాత్రులు ఓపిక పట్టు తల్లీ. మా కోడలైతే నన్ను పాపతో పాటు అదే గదిలో పడుకోబెట్టింది, లేచి రావడానికి బద్ధకమేసి మానేశాను.

ముగ్గురి తల్లి | గురువారం, ఉదయం 7:41

ఆవిడ చేతులు కడుక్కుని వస్తున్నారేమో కనుక్కోండి. చల్లటి చేత్తో మాత్రం వద్దని చెప్పండి!